మెత్తచెయ్యికి దొరికిన యోగ్యతాపత్రం

ఏటి నీళ్ళు ఆసుపత్రి మెట్లెక్కిన వరద వచ్చిన మరుసటి ఏడు జరిగిందిది. మంచాన పడ్డవాళ్ళ వార్డులో పనిచేసే కుర్రవాణ్ణి అందరూ మెత్తచెయ్యి అని పిలిచేవారు. వీపున పుండ్లు పడ్డవాళ్ళను రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం అతని పని. అతను తిప్పితే నొప్పి తెలిసేది కాదు.

"ఒరేయ్, నువ్వు డాక్టరువైతే నా వీపు నీ పేర రాసిస్తాలే," అనేవాడు మొదటి మంచం తాత.

వైద్య కళాశాలలో చేరాలంటే రెండేళ్ళు రోగుల దగ్గర పనిచేసి, పైవారి చేత యోగ్యతాపత్రం రాయించుకుని తీసుకెళ్ళాలి. రెండేళ్ళూ నిండాయి. పెద్ద నర్సు పత్రం రాసి, కవరు అంటించి చేతికిచ్చింది. కళాశాల గుమాస్తా అది చదివి, అతని దరఖాస్తు వెనక్కి తోసేశాడు.

"నీది మోటు చెయ్యట. రోగులంటే జాలి లేదట. వేరే పని చూసుకో బాబూ."

మెత్తచెయ్యి తిరిగొచ్చి పెద్ద నర్సును నిలదీశాడు. "ఎందుకలా రాశారమ్మా?"

ఆవిడ కళ్ళైనా దించుకోలేదు. "డాక్టర్లకేం కరువురా, ఏటా బోలెడుమంది వస్తారు. వీళ్ళను తిప్పేవాడు నాకు మళ్ళీ దొరుకుతాడా? నోరు మూసుకుని ఇక్కడే పడుండు."



మర్నాడు పొద్దున వేళకే పనిలోకి వచ్చాడు. తాతను ఒక్క గుంజు గుంజి పక్కకు తిప్పాడు. తాత కెవ్వుమన్నాడు. పెద్ద నర్సు పరుగెత్తుకొచ్చేసరికి, అతను రెండో మంచం మీది దుప్పటి లాగుతున్నాడు.