గోడ దిగని సంపూర్ణమ్మ

ఉయ్యూరు దగ్గర ఆ పల్లెలో ప్రార్థనకు కూడుకోవడానికి ఒక కప్పంటూ లేదు. వానొస్తే దేవుడి మాట సగంలో ఆపి ఎవరిళ్లకు వాళ్లు పరిగెత్తాల్సిందే. పందొమ్మిది వందల నలభై ఆరు వేసవిలో కాలవకు నీళ్లు కట్టేయగానే, కూలి పని చేసుకునే సంపూర్ణమ్మ ప్రార్థనకు గుడి కట్టాలని నడుం బిగించింది. కాలవ అడుగు మట్టి తవ్వించి, ఊక కలిపి తొక్కించి, వరస మీద వరస పెట్టి గోడ లేపుతోంది. కింది వరస ఆరితేగాని పై వరస నిలవదు. కాలవకు నీళ్లు వదిలారంటే ఇక మట్టే దొరకదు.

పక్క చెరకుతోట ఆసామి బసవయ్యకు ఆ గోడ కంట్లో నలుసైంది. కూలీలంతా ఒకచోట కూడితే పనికి రామనే మాట కూడా అక్కడే పుడుతుందని ఆయన భయం.

"మేక ఎక్కితే కూలుద్ది మీ గుడి!" అని గట్టుమీద నుంచి నవ్వాడు.

పల్లె పిల్లలు ఆయనకు సన్బల్లటని పేరు పెట్టేశారు. బైబిల్లో యెరూషలేము గోడ కడుతుంటే ఎగతాళి చేసి, అది పారక, మాట్లాడుకుందాం రమ్మని కబురు మీద కబురు పంపిన ఆ పెద్దమనిషి కథ సంపూర్ణమ్మే వాళ్లకు చెప్పింది మరి.

బసవయ్యా అచ్చం అదే చేశాడు. ఆయన పాలేరు శౌరయ్య నాలుగుసార్లు వచ్చాడు.

"ఆసామి రమ్మంటున్నారు పిన్నీ."

"తొక్కిన మట్టి ఆగదురా. రాలేనని చెప్పు."

పైకి అలా అన్నా లోపల గుబులే. ఆయన చేలో పని చేస్తేనే ఆమెకు కూడు.

రేపు కాలవ వదులుతారనగా ఆఖరి వరస మిగిలింది. మిట్టమధ్యాహ్నం బసవయ్యే వచ్చాడు, వెనకే శౌరయ్య.

"ఏమే, దిగు! దిగకపోతే రేపట్నించి నా చేలో అడుగుపెట్టొద్దు. మీలో ఎవరూ పెట్టొద్దు!"

కింద నుంచి మట్టిముద్దలందిస్తున్న కూలీల చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. సంపూర్ణమ్మ దిగబోయి నిచ్చెన మీద ఒక కాలు పెట్టింది. కింద మట్టి ఎండకు బిగుసుకుపోతోంది. అది చూసి ఆమెకు ఒళ్లు మండింది. కాలు వెనక్కి తీసుకుంది.

"మేక ఎక్కితే కూలుద్దన్నారుగా అయ్యా! నేనెక్కి నిలబడ్డా, చూసుకోండి. దిగను. ముద్ద అందించండర్రా, ఎండిపోతంది!"

ఎవరూ కదల్లేదు. శౌరయ్య తలగుడ్డ తీసి నడుముకు చుట్టుకున్నాడు.

"ఒరేయ్!" అన్నాడు బసవయ్య.

శౌరయ్య పంచె ఎగ్గట్టి మట్టిలోకి దిగాడు. రెండు చేతులా ముద్ద ఎత్తాడు.

"అందుకో పిన్నీ."