సజావైన కాపురం

పింఛను కోసం వైద్య పరీక్షకు వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే టోన్యా మొగుడి చొక్కా ఇస్త్రీ చేసి, అతనికి గడ్డం కూడా తనే గీసింది. డ్వేన్ చేతులు వణుకుతాయి. అతను ఇరాక్ యుద్ధం నుంచి తిరిగొచ్చి పదమూడేళ్ళు. మందులు గుర్తుపెట్టుకోవడం, తలుపు దభాలున పడితే నేలకు కరుచుకుపోయిన మనిషిని మెల్లగా మాటల్లో పెట్టి లేపడం, అన్నీ ఆమె పనులే. అందుకోసమే బడి క్యాంటీన్ ఉద్యోగం మానేసింది. ఆసుపత్రిలో ఆమెను బయటే కూర్చోమన్నారు. లోపల డాక్టరు ఎలా ఉందని అడిగితే డ్వేన్ నిటారుగా కూర్చుని "బాగానే ఉన్నాను సార్" అన్నాడు. పటాలంలో నేర్పిన జవాబు అదొక్కటే. శుభ్రంగా, కుదురుగా ఉన్నాడని డాక్టరు రాశాడు. వైకల్యం పింఛను దరఖాస్తు తోసేశారు.

అప్పీలు వినే జడ్జీకి భార్య వాంగ్మూలం కావాలన్నారు. టోన్యా కాగితం ముందు కూర్చోగానే అత్తగారు ఆర్లీన్ వచ్చి పక్కన చేరింది. ఇంటి గుట్టు సర్కారు కాగితంమీద పెడతావా, పెళ్ళాం అన్నాక ఆ మాత్రం సర్దుకోకపోతే ఎలా, అంది. టోన్యా సర్దుకుంది. మా ఆయనకు నిద్ర పట్టదు, కాస్త చిరాకు, అని నాలుగు ముక్కలు రాసిచ్చింది. జడ్జీ దగ్గర కూడా మంచి కోడలనిపించుకోవాలి మరి.

రెండేళ్ళకు తీర్పు వచ్చింది. చెవుల్లో హోరుకు పింఛను ఇవ్వడానికి ఒప్పుకున్నారు. నడుం నొప్పి సంగతి మళ్ళీ పరీక్షించమని వెనక్కి పంపారు. మనసుకు తగిలిన దెబ్బకు మాత్రం కాదన్నారు. కాగితాల పని చూసిపెట్టే ముసలి మాజీ సైనికుడు హోబర్ట్ ఆ కారణం రెండుసార్లు చదివాడు.

"ఇరవయ్యేళ్ళుగా కాపురం సజావుగా ఉంది కాబట్టి జబ్బు అంత లేదంటున్నారు. నువ్వు వదిలేసి పోయుంటే గెలిచేవాడేమో, తల్లీ."

టోన్యాకు ఒళ్ళు మండింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెక్కలు ముక్కలు చేసుకుని తను నిలబెట్టిన ఇల్లు అతని ఆరోగ్యానికి సాక్ష్యమైంది. ఆ తీర్పులో తన పేరు కూడా లేదు.

ఇంటికొచ్చాక డ్వేన్ పోనీలే వదిలెయ్ అన్నాడు. ఆమె వినలేదు. అతన్ని వంటింటి బల్ల దగ్గర ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇంకో అప్పీలుకని వాంగ్మూలం మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం అతనికి వినపడేలా గట్టిగా చదివింది.

"నాకు నా భర్తంటే భయం."



"ఎప్పట్నించి?" అన్నాడు డ్వేన్.

"నువ్వు తిరిగొచ్చిన రోజు నించి," అంది టోన్యా. ఆ మాట కూడా రాసింది.