కామాక్షి చేసిన ఫోను

ఎలిశబెతు పిల్లలతో పనిచేయదు, పిల్లలతో పనిచేసేవాళ్ళకు పని నేర్పుతుంది. ఇరవై రెండేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి మానేశాక నాయుడుపేటలో ఒక స్వచ్ఛంద సంస్థలో శిక్షకురాలిగా చేరింది. సరస్సు ఒడ్డున ఉన్న కుప్పాల్లో, అంటే చేపలు పట్టేవాళ్ళ పల్లెల్లో, సాయంత్రంపూట పిల్లల కేంద్రాలు నడిపే కార్యకర్తలు నెలకోసారి ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు. ఈడొచ్చిన పిల్లలతో ఎలా మాట్లాడాలి, వాళ్ళు చెప్పేది ఎలా వినాలి, విన్నాక ఏం చెయ్యాలి అన్నవే ఆమె పాఠాలు.

ఆ కార్యకర్తల్లో కామాక్షి ఒకతె. ఇరవై మూడేళ్ళది. చేపలు పట్టే గంగాధరం కూతురు, వాళ్ళ కుప్పంలో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్ల. ఎప్పుడూ వెనక వరసలో కూర్చునేది. అడక్క అడక్క అడిగిన ప్రశ్న మాత్రం సూటిగా ఉండేది.

జూన్ నెల శిక్షణలో ఎలిశబెతు చెప్పింది. "పిల్లకు ఆపద ఉందని తెలిస్తే మీలో దాచుకోకూడదు. సహాయ నంబరుకు ఫోన్ చెయ్యాలి. చేసినవాళ్ళ పేరు బయటికి రాదు."

కామాక్షి లేచి నిలబడింది. "చేసినాక మేము ఆ ఊళ్ళోనే ఉండాల కదా మేడం. అప్పుడేం జెయ్యాల?"

"మేమున్నాం కదమ్మా," అంది ఎలిశబెతు. ఆ మాట ఆమె నమ్మే అంది.

ఆగస్టులో ఒక మంగళవారం పొద్దున కామాక్షి ఫోన్ చేసింది.

"మేడం, మా కేంద్రానికొచ్చే మహాలక్ష్మికి శుక్రవారం పెళ్ళంట. మేనమామకిస్తా ఉండారు. ఆ బిడ్డకి పదిహేనేళ్ళు. నిన్న పిలకాయలందరూ పోయినాక నా చెయ్యి పట్టుకొని, నువ్వే ఏదో ఒకటి చెయ్యక్కా అనింది."

ఎలిశబెతు వంకాయలు తరుగుతోంది. కత్తిపీట పక్కకు జరిపి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెప్పింది. "నంబరుకు చెయ్యమ్మా. నేర్చుకున్నదే కదా."

కామాక్షి చేసింది.

శుక్రవారం పొద్దున్నే కుప్పానికి అధికారుల జీపులు రెండు వచ్చాయి. పెళ్ళి ఆగింది. అంతవరకూ పాఠంలో ఉన్నట్టే జరిగింది. కానీ వచ్చినవాళ్ళలో ఒకతను పందిరి ముందు నిలబడి, చేతిలో కాగితం చూసి, "ఇక్కడ కామాక్షి అంటే ఎవరు? ఫోన్ చేసింది నువ్వేనా?" అని అడిగాడు. అతనికి అది ఒక సంతకం పని. కామాక్షి నీళ్ళ బిందెతో అక్కడే ఉంది. ఔనని అనలేదు, కాదనీ అనలేదు. పందిరి కింద ఉన్నవాళ్ళంతా ఆమె వైపు తిరిగారు. పసుపు ఆరని ఒంటితోనే మహాలక్ష్మిని జీపెక్కించి నెల్లూరులో ఆడపిల్లల వసతి గృహానికి తీసుకుపోయారు.

ఆ సాయంత్రమే కుప్పం పెద్దలు కామాక్షి ఇంటి మీద దురాయి వేశారు. దురాయి అంటే పెద్దల కట్టడి. వేశాక ఎవరూ ఆ ఇంటివాళ్ళతో మాట్లాడరు. వాళ్ళ పడవ నీళ్ళలోకి దిగదు. వాళ్ళ బిందె కుళాయి దగ్గర పెట్టనివ్వరు. గంగాధరం పడవ ఒడ్డున బోర్లా పడింది. కూతుర్ని ఆయన ఒక్క మాటా అనలేదు. వాకిట్లో కూర్చుని, చిరుగు లేని వలను విప్పి మళ్ళీ చుట్టేవాడు.

కామాక్షి రోజూ ఎలిశబెతుకు ఫోన్ చేసేది. ఏం చెయ్యమంటారని అడగడం నాలుగో రోజుకి మానేసింది. ఆ తర్వాత ఊరికే చేసి, ఊపిరి వినబడేంతసేపు ఉండి పెట్టేసేది.

ఎలిశబెతు సంస్థ డైరెక్టరు ఆండ్రూ గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాదు. అంతా విని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మనం కలగజేసుకుంటే మిగతా పద్నాలుగు కుప్పాల్లో కేంద్రాలు మూయిస్తారు మేడం. ఆ అమ్మాయికి కౌన్సెలరు నంబరు ఇద్దాం. డిసెంబరులో కార్యకర్తల మానసిక ఒత్తిడి మీద మూడు రోజుల శిక్షణ ఎలాగూ ఉంది. అందులో మొదటి పేరు ఆమెదే రాద్దాం."

"ఆమెకు ఇవాళ తాగడానికి నీళ్ళు లేవు సార్."

ఆయన మళ్ళీ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

మర్నాడు ఎలిశబెతు ఒక్కతే కుప్పానికి పోయింది. కుప్పానికంతా పెద్ద అయిన పెద్దకాపు ఆమెకు కుర్చీ వేయించాడు. సోడా తెప్పించాడు.

"మీరు చదువుకున్నోళ్ళు. మీ మీద మాకు కోపం లేదు," అన్నాడు. "మీరు నేర్పిచ్చి పంపిచ్చి సాయంత్రానికి ఇంటికి బోతారు. ఈడ బతికేది మేము. ఆ యమ్మి అందరి ముందర తప్పైపోయింది అనాల. ఆ కేంద్రం గడప మళ్ళా తొక్కగూడదు. అంతే."

"తప్పు ఆమెది కాదండీ. చెయ్యమన్నది నేను. నేను చెప్తాను తప్పని."

"మీరీ ఊరోళ్ళు కాదు గదా," అన్నాడాయన, నెమ్మదిగానే.

ఆదివారం పొద్దున ఊరంతా చేరింది. బయటివాళ్ళు రాకూడదన్నారు గనక ఎలిశబెతు వలల షెడ్డు పక్కన నిలబడింది. కామాక్షి నడి మధ్యకు వచ్చి, తల వంచకుండా, పరీక్షలో అప్పజెప్పినట్టు చెప్పింది. "నేను జేసింది తప్పు. ఇంక జెయ్యను." వినబడలేదని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆమె మళ్ళీ చెప్పింది. మూడోసారి కూడా చెప్పించారు. ఎలిశబెతు అడుగు ముందుకు వెయ్యాలనుకుంది. వేస్తే దురాయి ఇంకా బిగుస్తుందని ఆగిపోయింది. ఆగింది కామాక్షి కోసమా, తన భయం వల్లనా అన్నది ఆమెకు ఆ తర్వాత కూడా తేలలేదు.

పడవ నీళ్ళలోకి దిగింది. కేంద్రానికి తాళం పడింది.

మహాలక్ష్మిని నెలన్నర తర్వాత, పద్దెనిమిది నిండేదాకా పెళ్ళి చెయ్యబోమని కాగితం రాయించుకుని తల్లిదండ్రులకు అప్పజెప్పారు. దీపావళి లోపలే వాళ్ళు ఆ పిల్లను తమిళనాడు వైపు ఒక గుడికి తీసుకుపోయి, అదే మేనమామతో తాళి కట్టించుకొచ్చారు. ఈసారి పందిరి లేదు. బయటివాళ్ళకెవరికీ తెలియలేదు.

కామాక్షి కుప్పంలో ఉండలేకపోయింది. చిల్లకూరు దగ్గర పిన్నమ్మ ఇంట్లో చేరి, రొయ్యలు ఒలిచే కంపెనీలో పనికి కుదిరింది. డిసెంబరు శిక్షణకు రాలేదు. జనవరిలో ఒకరోజు పొద్దున ఎలిశబెతు హైవే పక్కన కంపెనీ బస్సు ఆగేచోటికి వెళ్ళి ఆమెను కలిసింది. కామాక్షి చేతివేళ్ళు నానిపోయి తెల్లగా ఉన్నాయి.

"నన్ను తిట్టమ్మా," అంది ఎలిశబెతు. "తిట్టినా బాగుండు."

"మిమ్మల్నేమని తిట్టేది మేడం. మీరు మాకు మంచే జెప్పినారు." కాసేపు రోడ్డు వైపు చూసి మళ్ళీ అంది. "మహాలక్ష్మి ఫోన్ జేసింది, పోయిన వారం. మొగుడు పడుకొని ఉంటే వాళ్ళత్త ఫోన్లో జేసినాది. ఎందుకు చెప్పినావక్కా అని తిడతాదనుకున్నా. అదిగాదు అడిగింది. రెండోసారి జీపులెందుకు రాలేదక్కా అనింది."

ఎలిశబెతు ఆ నానిన వేళ్ళ వైపు చూసింది.

"అప్పటికి నేను మూడుసార్లు జెప్పేసుంటిని కదా మేడం, ఇంక జెయ్యనని."

కంపెనీ బస్సు వచ్చింది. నీలం టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు జరిగి ఆమెకు చోటిచ్చారు. కామాక్షి ఎక్కి వాళ్ళ మధ్య కూర్చుంది. బస్సు కదిలింది.

ఆ రోజు పదింటికి నాయుడుపేటలో కొత్త కార్యకర్తల శిక్షణ మొదలు. పదకొండుమంది వస్తున్నారు, అందరూ ఇరవై, ఇరవై ఒక్కేళ్ళ వాళ్ళు. వాళ్ళకు ఏం చెప్పాలో ఎలిశబెతుకు తెలియలేదు. ఫోన్ చెయ్యమంటే ఒక పిల్ల పోతుంది, వద్దంటే ఇంకో పిల్ల పోతుంది. గూడూరు వైపునుంచి ఎర్రబస్సు వచ్చి ఆగింది. కండక్టరు రెండుసార్లు పిలిచాడు. ఆమె ఎక్కి, కిటికీ పక్కన ఖాళీ సీటు ఉన్నా కూర్చోకుండా, కమ్మీ పట్టుకుని నిలబడింది.