పెట్టె అడుగున సిపాయి

అచ్చియ్యమ్మ చీరల పెట్టె అడుగున పరిచిన కాగితాన్ని కామేశం రెండు చేతులా పైకి తీసి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు చాప మీద పెట్టాడు. యుద్ధం రోజుల్లో ఊళ్లో పంచిన పోస్టరది. ఓ సిపాయి పెదాల మీద వేలు పెట్టుకుని గుడ్లురుముతున్నాడు. కింద పెద్ద అక్షరాలు: "తెలిసినదంతా చెప్పకండి."

ఇలాంటివి పోగుచేయడం కామేశానికి పిచ్చి. అందుకే అనకాపల్లి నుంచి చోడవరం దాకా ఆడవాళ్ల సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. పెళ్లానికని కొన్నాడట. ఆవిడ ఛస్తే ఎక్కనందట.

అచ్చియ్యమ్మ మనవరాలు రాజ్యం కళ్లు మాత్రం గుమ్మం పక్కనున్న ఆ సైకిలు మీదే ఉన్నాయి. బుచ్చయ్యపేట బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. రోజూ బండి కట్టలేననీ, అంత దూరం నడవనివ్వననీ, వెళ్లే దారేదో నువ్వే చూసుకోకపోతే ఉద్యోగం మానుకోమనీ తండ్రి సత్యారావు తేల్చేశాడు. ట్రైనింగులో సైకిలు తొక్కడం నేర్చుకుంది. సైకిలే లేదు.

"మడతల దగ్గర చిరిగింది," అన్నాడు కామేశం నిట్టూరుస్తూ. "ఇక్కడ నూనె మరక. ఈ మూల చెద పట్టింది. అయ్యో, మీసం ఎవరు దిద్దారండీ?"

"నేనే. రెండో క్లాసులో. సిపాయన్నాక ఆమాత్రం మీసం ఉండాలని," అంది రాజ్యం.

"సగం విలువ అక్కడే పోయింది! సర్లెండి, మామ్మగారికో రవికె గుడ్డ తెచ్చిపెడతాను. ఇచ్చేయండి."

మొగుడితో పాతికేళ్లు పశువుల సంతలకు తిరిగిన మనిషి అచ్చియ్యమ్మ. మనవరాలి చెవి దగ్గరకు వంగింది.

"ఎద్దు వద్దనుకున్నోడు సూడకుండా ఎళ్లిపోతాడే గుంటా. కావాలనుకున్నోడే పళ్లు సూస్తాడు. ఈడప్పుడే నాలుగు వొంకలెట్టేడు."

రాజ్యం నవ్వు ఆపుకుని లేచింది.

"పోన్లెండి బాబుగారూ, పాడైపోయినదాన్ని మీకెలా అంటగడతాం? మామ్మా, పొయ్యి అంటుకోడం లేదన్నావు కదా," అంటూ పోస్టరు కొస పట్టుకుంది.

కామేశం వేసిన కేకకు పెరట్లో కోళ్లు ఎగిరాయి.

"వద్దు తల్లీ! ఇలాంటిది ఈ జిల్లాలో ఇంకోటి లేదు!"

"సెప్పేసేడు," అంది అచ్చియ్యమ్మ తృప్తిగా.

రాజ్యం తాపీగా సైకిలు చుట్టూ తిరిగింది. "సీటు చిరిగిపోయింది. బెల్లు మోగదు. మడ్‌గార్డు వొంగిపోయింది. ఏటండీ ఇది, సైకిలేనా?"

కామేశం మెల్లగా నవ్వాడు. "అయితే మీకిది కావాలన్నమాట."

రాజ్యం నాలుక కరుచుకుంది.

"మామ్మగారి గుసగుస వీధి చివరిదాకా వినిపిస్తుందండీ," అన్నాడతను.

ఇక దాచుకోడానికేముంది? పోస్టరు అటు, సైకిలు ఇటు చేతులు మారాయి. పరువు కోసమన్నట్టు కామేశం గాలి పంపు మాత్రం ఊడదీసుకున్నాడు. పోస్టరు చంకలో పెట్టుకుని, "మీసం ఉన్నది అసలు దొరకనే దొరకదు!" అని మురిసిపోతూ బస్సు కోసం వెళ్లిపోయాడు.

రాజ్యం వాకిట్లో నాలుగు చుట్లు తిరిగింది. ఇప్పుడు చూస్తే సీటు మెత్తగా ఉంది. బ్రేకులు కొత్తవాటిలా పడుతున్నాయి.

"పంపు మాత్రం ఒట్టుకెళ్లిపోయేడు మామ్మా. రేపు గాలి పోతే ఏటి సేసేది?"

అచ్చియ్యమ్మ వీధి చివరిదాకా ఓసారి చూసింది. అచ్చం సిపాయిలాగే పెదాల మీద వేలు పెట్టుకుంది. రెండో పెట్టెను కాలితో తట్టింది.

"దీనడుగున ఇంకోడున్నాడు," అంది, ఈసారి నిజంగానే గుసగుసగా. "ఆడికీ నువ్వు మీసం ఎట్టేవు."