తేర్చిన నీళ్లు

సత్యానందం పెదనాయనను నేను మూడుసార్లు వెనక్కి పంపాను. మూడుసార్లూ తప్పు నీళ్లలో క్లోరిన్ చూసే పరీక్ష కిట్‌దేనని నమ్మాను. తప్పు నాదని ఎవరైనా అంటే ఊరుకునే మనిషిని కాను. మార్కాపురంలో నా దగ్గరకు నడుము నొప్పికి వచ్చేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు.

నేను ఫిజియోథెరపిస్టును. పేరు సుచరిత. క్లినిక్ వెనక పెరట్లో నాలుగడుగుల లోతున ఒక సిమెంటు గాబు కట్టించి, లోపల మన పలకరాయి పరిపించాను. మిద్దె మీది సోలార్ నుంచి వేడినీళ్లు వస్తాయి. సిటీల్లో దీన్నే హాట్ టబ్ అంటారు, సరదాకు దిగుతారు. నాది సరదాకు కాదు. గోరువెచ్చని నీళ్లలో మనిషి బరువు తేలిపోతుంది, బిగుసుకున్న కండ వదులవుతుంది. ఫ్లోరైడు నీళ్లు తాగి వంగిపోయినవాళ్లు మా పల్లెల్లో ఎందరో ఉన్నారు. ఎముక అతుక్కుపోతే నేనేమీ చేయలేను. కండ పట్టేసినంత మేరకు మాత్రం వదిలించగలను.

సత్యానందం బేస్తవారిపేట దగ్గరి పల్లె మనిషి. ముప్పై ఏళ్లు పలక గనుల్లో పనిచేశాడు. ఇప్పుడు నడుము దగ్గర వంగిపోయి, చూపు తన కాళ్ల ముందు రెండడుగుల నేల దాటదు. ఎనిమిదేళ్లుగా గోడకు ఆనుకుని, తల మోకాళ్ల మీద పెట్టుకుని నిద్రపోతున్నాడు. మొదటిసారి వచ్చినప్పుడు నీకేం కావాలి పెదనాయనా అని అడిగాను. నడవాలనో పనికి పోవాలనో అంటాడనుకున్నాను.

"ఒక్కసారి వెల్లకిల పండుకోవాలమ్మా," అన్నాడు.

నీళ్ల విషయంలో నేను మొండికేసింది ఆ మాట విన్నాకే. వెచ్చని నీళ్లలో క్రిములు తొందరగా పెరుగుతాయి కాబట్టి క్లోరిన్ వేయాలి. తక్కువైతే జబ్బు, ఎక్కువైతే ఒళ్లు మండుతుంది, ఊపిరి ఆడదు. ఆయన ఊపిరితిత్తుల నిండా అప్పటికే పలకదుమ్ము ఉంది. కిట్‌లో ఒకటికీ మూడుకీ మధ్య రంగు వస్తేనే దించుతానని చెప్పేశాను.

కిట్ సున్నా చూపించింది. క్లోరిన్ పొడి వేయించాను. మర్నాడూ సున్నా. మొదట కాగితపు పట్టీలు వాడాను. వాటిని తిట్టి, చుక్కల మందు సీసాలు తెప్పించాను. వాటినీ తిట్టి, అంకె చూపించే చిన్న యంత్రం తెప్పించాను. మూడూ కూడబలుక్కున్నట్టు సున్నానే అన్నాయి. గాబు దగ్గర ఘాటు వాసన వస్తూనే ఉంది. కానీ వాసన ఎక్కువుంటే మందు చాలనట్టని కిట్‌తో వచ్చిన పుస్తకంలోనే రాసి ఉండటంతో ఇంకా వేయించాను. కంపెనీకి ఫోన్ చేసి, మీ కిట్ మా మార్కాపురం నీళ్లకు పనికిరాదని అరగంట దులిపేశాను. పాపం ఆ అమ్మాయి, నీళ్లు ఎలా తీస్తున్నారు మేడం అని అడిగింది. నీళ్లు ముంచడం కూడా నువ్వు నేర్పుతావా అని ఫోన్ పెట్టేశాను.

నాలుగోసారి ఒక బుధవారం పొద్దున వచ్చారు, సత్యానందం, ఆయన భార్య మణెమ్మ. బస్సులో ఆ ఒంటితో కూర్చుని రావడం ఆయనకు నరకం. ఈ రోజు కాకపోతే మళ్లీ రానంటున్నాడని మణెమ్మ నాకు చాటుగా చెప్పింది. నేను మల్లిని నీళ్లు తెమ్మన్నాను. మల్లి మా క్లినిక్ ఆయా, నాకంటే పదేళ్లు పెద్దది. చెంబుతో తెచ్చి ఇచ్చింది. మళ్లీ సున్నా. ఇక ఈ కిట్లతో నాకు పనిలేదు, దిగు పెదనాయనా అనబోయాను.

పెరటి అరుగు మీద కూర్చున్న సత్యానందం తల ఎత్తకుండానే అడిగాడు. "గాబు ఈడుంటే, ఆ బేసిన్లో నీళ్లు ముంచుకొచ్చిందేందమ్మా?"

అరుగు పక్కన ఎండలో, సరిగ్గా ఆయన కాళ్ల ముందు, వెడల్పాటి స్టీలు బేసిన్ ఉంది. నేను రోజూ దాన్ని చూస్తూనే ఉన్నాను, పిచ్చుకలకు పెట్టిందనుకున్నాను. మల్లిని అడిగితే ఆమెకు నా కంగారు అర్థం కాలేదు. ముందురోజు పొద్దున్నే గాబు నీళ్లు తీసి, పాత చీరగుడ్డ నాలుగు మడతలేసి వడగట్టి, పగలంతా ఎండలో పెట్టి, మన్ను అడుక్కి దిగేలా తేర్చి, మర్నాడు పైపైన ముంచి నాకిస్తోంది. మా వైపు ట్యాంకర్ నీళ్లు ఎర్రగా వస్తాయి. తేర్చకుండా ఏ ఇంట్లోనూ ముట్టరు. గాబుకు ఫిల్టర్ ఉందని నేనెంత చెప్పినా ఆమెకు దాని మీద నమ్మకం లేదు.

"పరీక్షకు పొయ్యే పిల్లను తల దువ్వకుండ పంపుతామా అమ్మా? అందుకే తేర్చినా," అంది.

క్లోరిన్ ఎండకు విరిగిపోతుంది. గుడ్డ కూడా కొంత తాగేస్తుంది. మేమిచ్చిన నీళ్ల గురించి మూడు కిట్లూ నిజమే చెప్పాయి. ఈసారి నేనే గాబులో మోచేతి లోతున సీసా ముంచి తీశాను. చుక్కలు పడగానే నీళ్లు చార్టులో చివరి గడిని కూడా దాటిపోయి ముదురు నారింజ రంగుకు తిరిగాయి. ఆయన్ను అందులోకి దించబోయాను.

మల్లి మీద అరవడానికి తెరిచిన నోరు మూసుకున్నాను. విరుగుడు ఆమె చేసిన పనిలోనే ఉంది. సగం నీళ్లు వదిలేసి కొత్తవి నింపాం. గాబు మీద నీడకు కట్టిన పచ్చ నెట్ విప్పేశాం. ఏప్రిల్ ఎండ నిట్టనిలువునా పడింది. అందరం లోపల కూర్చుని మల్లి తెచ్చిన సంగటి తిన్నాం. గంటకోసారి నేనే వెళ్లి నీళ్లు తీశాను. నారింజ పసుపైంది, పసుపు లేతబడింది, నాలుగు గంటలకు సరిగ్గా రెండు అని రాసిన గడి దగ్గర ఆగింది. కంటికి కనపడని దాన్ని రెండు చుక్కల మందు ఇంత నిజాయతీగా చూపిస్తుందా అని నోరెళ్లబెట్టాను. ఇన్నాళ్లూ తిట్టిన ఆ సీసాను కళ్లకద్దుకోవాలనిపించింది.

మల్లీ నేనూ చెరోవైపు పట్టుకుని ఆయన్ను దించాం. మెడ కింద నా చేయి పెట్టాను. పావుగంట దాకా అలాగే ముడుచుకుని ఉన్నాడు. తర్వాత భుజాలు వదులయ్యాయి, ఆ తర్వాత నడుము. ఇన్నేళ్లలో ఎన్ని ఒళ్లు పట్టి చూశానో, ఇలాంటిది ఎన్నడూ చూడలేదు. ఎవరూ లాగలేదు, ఎవరూ నొక్కలేదు. నీళ్లే ఆయన్ను కొద్దికొద్దిగా విప్పాయి. పూర్తిగా కాదు, మోకాళ్లు వంగే ఉన్నాయి. కానీ వీపు నీళ్ల మీద పరుచుకుంది, ముఖం పైకి తిరిగింది.

కాసేపటికి నా చేతి మీద ఆయన తల బరువెక్కింది. భయపడి చూస్తే, నిద్రపోతున్నాడు. సన్నగా గురక కూడా వస్తోంది.

మణెమ్మ గట్టు మీద కూర్చుని చాలాసేపు ఆ ముఖంలోకి చూసింది.

"ఈయన నిద్రపొయ్యేటప్పటి మొగం చూసి ఎనిమిదేండ్లాయ," అంది. "ముసలోడైపోయినాడమ్మా. నాకు తెలీనే లేదు. ఇంకాసేపు ఉండనీ."