పొద్దున్నటి సముద్రం

ఆ ఉదయం పొగమంచు ఎంత దట్టంగా దిగిందంటే, కవిటి కొబ్బరితోటలూ ఒడ్డూ సముద్రమూ అన్నీ ఒకే నిద్రలో ఉన్నట్టున్నాయి. చందన మాత్రం ఇసుకలో కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మురిసిపోతోంది. మురవదూ మరి! తండ్రి రామూర్తి పడవలో బిగించిన దారి చూపే పెట్టెకు సి భాషలో ప్రోగ్రాం రాసింది ఈ పిల్లే.

మొదట్లో ఆ పెట్టె ఒక్కో దారి గుర్తునూ మత్స్యకార సంఘం సర్వర్‌ని అడుగుతూ పోయేది. నడిసముద్రంలో సిగ్నల్ పోగానే నోరు మూసుకునేది. అందుకని నిన్న పద్ధతి మార్చింది. ఇప్పుడది ఒడ్డున ఉండగానే గుర్తులన్నీ ఒక్కసారిగా తెచ్చుకుని తన మెమరీలో దాచుకుంటుంది. ఆ తరవాత సర్వర్‌తో పనే లేదు.

"సిగ్నల్ లేకపోయినా ఇంటికి తెచ్చేత్తాది నానా, దీన్నే నమ్ము," అని చెప్పి మరీ పొద్దున్నే తండ్రిని సాగనంపింది.

తెల్లటి మంచులో చందన కళ్లు మూతలు పడుతుండగా ల్యాప్‌టాప్ తెర మీద ఒక గుర్తు మారింది. ఏరు సముద్రంలో కలిసే చోట బోటు మునిగి ఉందనీ, పడవలు దక్షిణంగా చుట్టి రావాలనీ మత్స్యకార సంఘం వాళ్లు అప్పుడే ఎక్కించారు.

ఓరి దేవుడా! పెట్టెలో ఉన్నది పొద్దున్నటి సముద్రం, మునిగిన బోటు లేనిది. మళ్లీ అడగమని తను రాయనే లేదు. తడుస్తుందని నాన్న ఫోను ఇంట్లోనే వదిలేశాడు.

చందన ఏటి దక్షిణపు ఒడ్డుకు పరుగెత్తింది. మంచు లోపల ఎక్కడో ఇంజను చప్పుడు. నేరుగా ఏటి ముఖద్వారానికే వస్తోంది.

"నానా! అటు కాదు! ఇటు, నాకేసి రా!"

చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. గుద్దుకుందా? మునిగిందా? ఏమీ కనబడదు, ఏమీ వినబడదు. గొంతు చిరిగిపోయేలా పిలుస్తూనే ఉంది పిచ్చిపిల్ల.

చాలాసేపటికి తెడ్డు నీళ్లను తోస్తున్న శబ్దం దగ్గరైంది. మంచును చీల్చుకుని పడవ ముక్కు ఆమె ముందే ఇసుకను తాకింది.

"నీ పెట్టి నేరుగా వొచ్చీమంది, నువ్వేమో ఇటు రమ్మని అరుత్తన్నావు," అన్నాడు రామూర్తి దిగుతూ. "పెట్టీ నీదే, గొంతూ నీదే. ఏది నమ్మాలో తెలీక ఇంజను ఆపి విన్నాను. గొంతు ఏడుత్తంది. అందుకే నీకేసి తిప్పీసినాను."

చందన తండ్రి తడి చొక్కా పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.