ఆకుబొమ్మ పెట్టె

జలంధర్ నిచ్చెన మీద నిలబడి గుండ్రటి లైటును గొలుసుతో పైకి లాగుతున్నాడు. కింద నిరంజన్ కాంతి కొలిచే మీటరును సరిగ్గా ఆకుల ఎత్తులో పట్టుకుని అంకెలు చదువుతున్నాడు. కతర్‌లో అల్ వుకైర్ శివార్లలోని ఆ షెడ్డుకు కిటికీలు లేవు. బయట ఎండ పెనంలా కాలుతున్నా లోపల చల్లగా ఉంటుంది. అరల్లో లెట్యూస్, తులసి, పుదీనా పెరుగుతుంటాయి. వాటికి సూర్యుడంటే నిరంజన్ తెప్పించే లైట్లే.

"మధ్యలో ఎనిమిది వందలు, మూలకొస్తే మూడొందలు కూడా లేదు. ఇది వద్దు జలంధర్ గారూ. ఆ పొడుగు లైటే నయం, అన్నిటికీ సమానంగా పడుతుంది," అన్నాడు నిరంజన్. అతను కాకినాడ నుంచి వచ్చిన ఇంజనీరు, ఓపికగల మనిషి.

"జర మీదికి గుంజుత సారూ. మల్ల కొలువుండ్రి."

"ఎంత గుంజినా మూలలు మూలలే కదండీ."

"పుంటికూర ఎండల పెరిగేది. దానికి గీ లైటే మంచిగ పనికొస్తది."

లైట్ల నమూనాలు వచ్చిన రోజు నుంచీ జలంధర్‌ది ఇదే పాట. దానికో కారణముంది గానీ, అది చెబితే సారు నవ్వుతాడని చెప్పలేదు. పార్సిల్ విప్పింది తనే. లోపలి అట్టపెట్టె మీద పచ్చగా, నిగనిగలాడుతూ ఓ ఆకు బొమ్మ కనిపించింది. చెయ్యి చాచినట్టు రెక్కలు, రంపపు పళ్ళలాంటి అంచులు. అచ్చం పుంటికూరే. ఎక్కడో చైనాలో లైట్లు చేసేవాళ్ళకు కూడా పుంటికూర విలువ తెలిసిందంటే ఆయనకు ఒళ్ళు పులకరించిపోయింది.

జలంధర్ బక్కపలచని మనిషి. గడ్డం నెరిసింది. ఎప్పుడో సుత్తి పడి బొటనవేలి గోరు శాశ్వతంగా చదునైపోయింది. కతర్‌కు షట్టరింగ్ పనికి వచ్చాడు. నడుం మొరాయించాక ఈ షెడ్డులో చేరాడు. ఊళ్ళో వాళ్ళ లెక్కలో మాత్రం ఆయన దుబాయ్‌లోనే ఉన్నాడు. జగిత్యాల దగ్గరి తన పల్లె నుంచి తెచ్చుకున్న గింజల్ని అడుగు అరలో ఓ మూల చల్లి, నిరంజన్‌ను బతిమాలి, వాటికీ ఓ లైటు సంపాదించాడు. మొక్కలతో కబుర్లాడతాడు, కూనిరాగాలు తీస్తాడు, లెట్యూస్‌ను రుచీపచీ లేనిదని మొహం మీదే తిడతాడు. ఆయన పుంటికూర అంటాడు, నిరంజన్ గోంగూర అంటాడు. ఇద్దరూ తగ్గరు.

ఈరోజు ఆయనకు ఆఖరి డ్యూటీ. రాత్రికి విమానం. ఈసారి పోవడమంటే పోవడమే, తిరిగి రావడం లేదు. ఇంటికి వెళ్ళాలనుకున్నప్పుడల్లా ఏదో ఒకటి అడ్డుపడుతూ వచ్చింది. ఒకసారి పాత కంపెనీ పాస్‌పోర్టు ఇవ్వలేదు, ఇంకోసారి కరోనా. అందుకే భార్య బాలవ్వ ఈ కబురు విని పొంగిపోలేదు. "బస్సు దిగినంకనే నమ్ముత," అని మాత్రం అంది.

లైటు సంగతి ఎటూ తేలకముందే తలుపు దగ్గర కేక వినిపించింది.

"జలంధర్ భాయ్! యే డబ్బా కిస్‌కా హై?"

ఉమైర్. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ మనిషి, షెడ్డుకు సేఫ్టీ ఇన్‌చార్జి. నిచ్చెన ఎక్కితే టోపీ అంటాడు, నేల తడిస్తే బోర్డు పెట్టమంటాడు. అతని కేకలకు జలంధర్ ఎప్పుడో అలవాటుపడిపోయాడు.

"మేరా హై భాయ్. ఘర్ లేకే జాతా," అన్నాడు గర్వంగా, నిచ్చెన దిగుతూ.

తలుపు పక్కన ఆ లైటు పెట్టె నిలబడి ఉంది. దళసరి అట్ట, మంచి కొలత. పారెయ్యడానికి మనసొప్పక ఇంటికి తీసుకెళ్ళే సామానంతా అందులోనే సర్దాడు. నైలాన్ తాడుతో గట్టిగా బిగించాడు. పక్కన నల్ల మార్కరుతో పెద్దపెద్ద తెలుగు అక్షరాల్లో పేరు, ఊరు, జిల్లా రాశాడు. ముందువైపు ఆకు మాత్రం ఎవరికైనా కనిపించేలా అలాగే ఉంచాడు.

నిరంజన్ దాన్ని చూసి తల పట్టుకున్నాడు. "ఇది ఏ ఆకనుకున్నారండీ?"

"పుంటికూర గద సారూ!"

"గంజాయి."

జలంధర్ నవ్వాడు. ఎదుటివాళ్ళిద్దరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"కొన్ని దేశాల్లో దాన్ని ఇళ్ళల్లో పెంచుకుంటారు. ఈ లైటు వాళ్ళ కోసం చేసింది. అందుకే మధ్యలో అంత వెలుగు," అన్నాడు నిరంజన్. "పెట్టె నేనొకసారి చూసుకోవాల్సింది. బొమ్మకి జైల్లో వెయ్యరు గానీ, ఎయిర్‌పోర్టులో పక్కకి లాగి అన్నీ విప్పిస్తారు. విమానం మీ కోసం ఆగదు. ఇంతకీ లోపలేముంది?"

"దుప్పటి, బాదంపలుకులు, నొప్పుల నూనె..." జలంధర్ గొంతు తగ్గింది. "ఎండవెట్టిన పుంటికూర."

హిందీలో చెప్పించుకున్న ఉమైర్ పక్కనున్న బకెట్టు బోర్లించి దాని మీద కూలబడ్డాడు. గంజాయి బొమ్మ పెట్టెలో ఎండిన ఆకు! అతని ఉద్యోగ జీవితంలో ఇంతటి సేఫ్టీ సమస్య ఎదురుకాలేదు.

ఇల్లు మళ్ళీ దూరం జరిగిపోతున్నట్టనిపించి జలంధర్ బాలవ్వకు ఫోను చేశాడు.

"పుంటికూర తెస్తలేనే. ఈడ పట్టుకుంటరట."

"పట్టుకుంటరా? నిన్ను గూడ ఆపుతరా ఏందయ్యా?" బాలవ్వ గొంతులో ఆ భయం ఆయనెన్నడూ వినలేదు.

"నన్నాపరు. కూరనే. గింత పెంచిన, నీకు సూపెడ్దమంటే..."

అటువైపు ఊపిరి వదిలిన చప్పుడు. "పుంటికూరకు ఈడ ఏం కరువచ్చింది? దొడ్డి నిండ ఉన్నది. నువ్వు వస్తె సాలు!"

జలంధర్ ఫోను జేబులో పెట్టుకుని భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఎవరూ చూడలేదనుకున్నాడు గానీ ఇద్దరూ చూశారు.

సామాను దేంట్లో సర్దాలన్నది తర్వాతి చిక్కు. ఉమైర్ తన గదికి వెళ్ళి చక్రాల సూట్‌కేసు ఒకటి లాక్కొచ్చాడు. దాని ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా తియ్యలేదు. పోయిన రంజాన్‌కు ఇంటికి వెళ్దామని కొన్నాడు. సెలవు దొరకలేదు.

"నై భాయ్, తుమ్హారా ఘర్ జానేకా హై యే," అన్నాడు జలంధర్ చేతులు అడ్డం పెట్టి.

"తుమ్ పెహలే జావ్," అని, ముందు నువ్వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపి, తాడు కోసి తనే సర్దడం మొదలుపెట్టాడు ఉమైర్. దుప్పటి లోపలికి పోనని మొండికేస్తే మోకాలితో అదిమాడు. ఎండిన ఆకు మాత్రం బయట మిగిలింది. అనుమానం తీర్చుకోవడానికి కాబోలు, ఓ రెబ్బ నోట్లో వేసుకున్నాడు. పులుపుకు అతని కళ్ళు మూసుకుపోయాయి. అది చూసి జలంధర్ పగలబడి నవ్వాడు. నిరంజన్ కూడా ఆగలేకపోయాడు.

పొడుగు లైటునే పుంటికూర అరకు బిగించారు. జలంధర్ తనే గొలుసు సరిచేశాడు, మూలల్లో కూడా కొలిపించాడు, అన్ని మొక్కలకూ ఒకేలా పడుతోందని ఒప్పుకున్నాడు.

"కూర వాడిపోనియ్యకుండ్రి సారూ."

"మా గోంగూరని మేం చూసుకుంటాం లెండి."

సాయంత్రం కంపెనీ బండి వచ్చింది. ఉమైర్ "యల్లా, యల్లా" అంటూ తొందరపెట్టాడు. ముందు సీటులో కూర్చున్న జలంధర్‌కు తనే బెల్టు బిగించాడు. బండి మలుపు తిరిగేదాకా చూసి గదికి వెళ్ళాడు.

సూట్‌కేసు ఉండే చోట ఇప్పుడా పెట్టె ఉంది. ఆకు బొమ్మ మీద అడ్డంగా, నిలువుగా టేపు అంటించాడు. లోపల తన కూతురి కోసం కొన్న చెప్పుల జత వేశాడు. పక్కవైపు మాత్రం, అతనికి చదవరాని తెలుగులో, జలంధర్ పేరూ ఊరూ జిల్లా అలాగే ఉన్నాయి.